చారలమ్మ కాటు

ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చెప్పక తప్పదు, వినండి.

పశువుల డాక్టరు వీరభద్రంగారి దొడ్లో ఒక ఎద్దు, ఒక కోడిపెట్ట, ఒక గండుపిల్లి, ఒక పాము ఉండేవి. పాము అనగానే కాళ్లు పైకి లాక్కోకండి. అది సముద్రం అవతలి జాతి, కింగ్ స్నేక్ అంటారు. నల్లటి ఒంటి మీద తెల్లటి చారలు, ఒంట్లో చుక్క విషం లేదు. పేరు చారలమ్మ. డాక్టరుగారికి ముప్పై ఏళ్లుగా పశువులతోనే కాపురం కాబట్టి వాటి మాట ఆయనకీ, ఆయన మాట వాటికీ చక్కగా తెలిసేవి.

చారలమ్మ ఎంత సాధువంటే, సాయంత్రం డాక్టరుగారు అరుగు మీద పేపరు చదువుతుంటే ఆయన మణికట్టుకి చుట్టుకుని నిద్రపోయేది. దాని బలహీనతల్లా ఆకలి. ఎలుక వాసన తగిలిందా, ఇక ముందూ వెనకా కనబడదు. అందుకే డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎత్తుకునే ముందు వెదురుపుల్లతో దాని వీపు మీద మెల్లగా తాకేవారు. పుల్ల తగిలితే వచ్చేది చెయ్యి, తగలకపోతే వచ్చేది ఎలుక. ఏడేళ్లలో ఒక్కనాడూ పొరపాటు జరగలేదు.

గండుపిల్లి గవరయ్యకి ఈ వైభోగం కంటగింపయింది. చారలమ్మ వాసనకే ధాన్యం కొట్లో ఎలుకలు ఊరొదిలి పారిపోయాయి. పని లేని పిల్లికి గిన్నెడు పాలెందుకని ఇంట్లోవాళ్లు సగమే పోస్తున్నారు. కడుపు మండదూ మరి!

ఒకనాడు డాక్టరుగారు ఎవరిదో గేదె ఈనుతోందని పొద్దున్నే వెళ్లారు. గవరయ్య పక్కదొడ్లో ఒక ఎలుకని పట్టుకొచ్చి, దండెం మీది తువ్వాలు కిందికి లాగి, దాన్నిండా ఎలుకని రుద్దాడు. తువ్వాలు మళ్లీ పైకి ఎక్కించాడు. వెదురుపుల్లని గోనెల వెనక్కి తన్నేశాడు. ఆపైన ఏమీ ఎరగనట్టు అరుగెక్కి కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చారు. సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నారు. పుల్ల కోసం చూస్తే కనబడలేదు. "పోనీలే, మన చారలమ్మే కదా," అని గాజుపెట్టెలో చెయ్యి పెట్టారు.

అంతే. చారలమ్మ బొటనవేలు పట్టేసింది.

వదిలించుకునేసరికి వేలి మీద రెండు రక్తపు చుక్కలు. నొప్పికన్నా ఆయనకి మనసు ఎక్కువ చివుక్కుమంది. "ఏడేళ్లు ఈ చేత్తో పెంచానే, ఈ చెయ్యే కనబడిందా నీకు?" అన్నారు.

"నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను," అని రెక్కలు కొట్టుకుంది కోడిపెట్ట సింగారి. "పాము పామే!"

"ఎంత పని చేశావు వదినా," అన్నాడు గవరయ్య దీర్ఘం తీస్తూ. "నిన్నని ఏం లాభం, నీ పుట్టుకే అంత."

"రేపు పొద్దున కొండ దగ్గర వదిలేసి వస్తాను," అన్నారు డాక్టరుగారు.

చారలమ్మ తోక పెట్టె అడుగున టపటపా కొట్టుకుంది. భయానికి కొంత, కోపానికి చాలా.

"కొండ దగ్గరా? గాజుపెట్టెలో పెరిగినదాన్ని, ముంగిసని బొమ్మలో కూడా చూడలేదు. ఒక్కరోజు బతకను! సరే, పంపించండి. ముందు ఇది చెప్పండి డాక్టరుగారూ, మీ పుల్ల ఏది?"

"కనబడలేదు."

"సబ్బుతో కడిగిన చేతికి ఎలుక వాసన ఎక్కడిది?"

డాక్టరుగారు చెయ్యి వాసన చూసుకున్నారు, తువ్వాలు వాసన చూశారు. సబ్బు వాసన తప్ప మనిషి ముక్కుకి ఏం తెలుస్తుంది!

"సాకులు," అంది సింగారి.

చారలమ్మకి ఒళ్లంతా రగిలింది. అయినా గొంతు తగ్గించి, "నా నాలుకకి ముక్కుకన్నా ఎక్కువ తెలుస్తుంది," అంది. "సాయంత్రం అందరూ పాదాలు నా ముందు పెట్టండి. ఎలుకని పట్టిందెవరో చెబుతాను. ఆ వాసన నాకితే పోయేది కాదు, నీళ్లలో నానబెట్టి కడిగితేనే పోతుంది. అందుకని లచ్చన్నా, తొట్టి దగ్గర ఎవరూ కాళ్లు కడుక్కోకుండా చూడు."

"మరి నాకు దాహమేస్తే?" అన్నాడు ఎద్దు లచ్చన్న.

"తాగవయ్యా, నిన్ను కాదు!"

లచ్చన్న తొట్టి పక్కన పడుకుని, కళ్లు మూసుకుని నెమరు వేస్తున్నాడు. కాసేపటికి బుడుంగుమని చప్పుడైంది. ఒక కన్ను తెరిచాడు. చినుకు మీద పడితే గంటసేపు కాలు విదిలించుకునే గవరయ్య, మోచేతుల దాకా ముందుకాళ్లు ముంచి తెగ తోముకుంటున్నాడు.

"ఏరా గవరయ్యా, స్నానమా?" అని దొడ్డి దద్దరిల్లేలా అరిచాడు లచ్చన్న.

డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు.

"ఎండగా ఉంది కదా అని..." అని నసిగాడు గవరయ్య.

"ఎండా? నిన్న బకెట్ తొణికితే అటకెక్కి కూర్చున్నావు కదరా!"

"నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను, ఆ పిల్లి వాలకం..." అని మొదలెట్టింది సింగారి.

"నువ్వు నోరు ముయ్యి," అంది చారలమ్మ పెట్టెలోంచి. "ఒరే గవరయ్యా, నాకితే పోని వాసన ఏముంటుందిరా? నువ్వు రోజంతా నాక్కుంటూనే ఉంటావు కదా, అది ఎప్పుడో పోయుంటుంది. నాకు తెలిసిందల్లా నీకు నీళ్లంటే పడదని!"

గవరయ్య తడికాళ్లతో గోడ దూకాడు. మళ్లీ ఆ దొడ్లో కనబడలేదు.

డాక్టరుగారు గోనెల వెనక పుల్ల వెతికి తెచ్చి, చారలమ్మ వీపు మీద తాకి చెయ్యి చాపారు. అది కదల్లేదు.

"నేను ఒక్కసారి పొరబడితే నా పుట్టుకనే తిట్టారు," అంది. "మీరూ పుల్ల లేకుండా చెయ్యి పెట్టారు. మీ పుట్టుకని నేనేమన్నా అన్నానా?"

డాక్టరుగారు తలవంచుకున్నారు. "అనలేదమ్మా, తప్పు నాదే," అన్నారు. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు. పొద్దు గుంకే వేళకి చారలమ్మ మెల్లగా వచ్చి మణికట్టుకి చుట్టుకుంది.

కరిచిన నోటిని తిట్టే ముందు, కరిపించిన కాళ్లు ఎక్కడ తిరిగొచ్చాయో చూడాలి.