ఏకాదశినాటి ప్రింటరు

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి, శనివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. విజయదశమి మర్నాడు. టెక్కలిలో మా ఇంటి సావిట్లో మా మామగారు కూర్మనాథం గారు గీతాపాఠం ముగించి కళ్లజోడు తీస్తుండగా, మా తోడికోడలు నీలవేణి ఆయన్ని ఒక మాట అడిగింది. ఆమె ఆయనకు చిన్నకోడలే కాదు, ఉపదేశం పొందిన శిష్యురాలు కూడా.

"మామయ్యగారూ, మా హిమజ కోసం నేను చెయ్యనిది లేదు. అది లేవకముందే లేస్తాను, అది తినందే తినను. అయినా నాతో మనసు విప్పి ఒక్క మాట చెప్పదు. ఏదున్నా అక్కకే చెబుతుంది. నా ప్రేమలో లోపం ఎక్కడుంది?"

అక్క అంటే నేను. తల వంచుకుని కూర్చున్నాను. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మామగారికి లేదు. "చూద్దాం" అన్నారు. అంతలో లోపలి గదిలోంచి హిమజ కేక వినబడింది.

"పెద్దమ్మా, ప్రింటరు పనిచెయ్యట్లేదు!"

మర్నాడు పొద్దున్నే విశాఖపట్నంలో హిమజకు ఉద్యోగ పరీక్ష. వయసు పరిమితి దాటిపోతోంది కనుక ఆ ఉద్యోగానికి అదే ఆఖరి అవకాశం. రెండు రోజులుగా తెరుచుకోని సైటు ఆ మధ్యాహ్నమే తెరుచుకుని హాల్‌టికెట్టు ఇచ్చింది. అది కాగితం మీద లేకపోతే లోపలికి రానివ్వరు. బస్సు ఆరింటికి. దసరా సెలవులకు మా బజారులో జిరాక్సు దుకాణాలన్నీ మూసేశారు. రాత్రి పదింటికి ఆ ఊళ్లో దిగి, ఆదివారం తెల్లారి ఎవరి తలుపు తట్టగలం?

ప్రింటరుకు దీపం వెలుగుతూనే ఉంది. కంప్యూటరు మాత్రం తగిలించిన పరికరాన్ని గుర్తించలేకపోతున్నానని ఒకటే మాట చూపిస్తోంది. హిమజ కంప్యూటరు దగ్గర తీగ ఊడదీసి మళ్లీ పెట్టింది. పక్క కన్నానికి మార్చింది. రెండింటినీ ఆపి మళ్లీ వేసింది. కంప్యూటరులోంచి ప్రింటరు పేరే తీసేసి, దాని సాఫ్ట్‌వేరు కొత్తగా ఎక్కించింది. అది ఎక్కేసరికి అయిదు దాటింది. మళ్లీ అదే మాట.

నీలవేణి కూతురి కుర్చీ వెనకాలే నిలబడి ఉంది.

"ఆ మీట నొక్కి చూడు. పోనీ మీ ఫ్రెండుకి ఫోను చెయ్యి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఈ పాలైనా తాగు. నేను మొన్ననే చెప్పాను, విన్నావా..."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. కాసేపు నన్ను వదిలెయ్."

"నేనేమన్నానే ఇప్పుడు? నీ మంచికే కదా!"

"నా మంచి ఆరింటి బస్సెక్కి పోతోంది. నువ్వు పాలు పట్టుకుని నిలబడు."

గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. పెదవుల మీద విష్ణునామం ఆడుతూనే ఉంది.

మామగారు చేతికర్ర ఊతంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కాసేపు ఊరికే చూశారు. "తీగకు రెండు కొసలుంటాయి కదమ్మా. ఇందాకటి నుంచి ఒకటే చూస్తున్నారు" అన్నారు.

హిమజ గోడకు ఆనించి ఉన్న ప్రింటరును తిప్పింది. వెనకనున్న తీగ లాగి, ఫోను దీపం వేసి చూసింది. తీగ దూరే చదరపు కన్నం నిండా గంధం, దాని మీద కుంకుమ, ఎండి గట్టిపడి ఉన్నాయి.

దసరాకి ఆయుధపూజ చేసుకుని కుట్టుమిషనుకూ, మిక్సీకీ, స్కూటరుకూ అందరం కలిసే బొట్లు పెట్టాం. ప్రింటరుకు పెట్టింది మాత్రం నీలవేణి.

"ముందువైపు ఒకటి పెట్టాను." అంది ఆమె. "దానికి ప్రాణం ఆ తీగలోంచే కదా వెళ్లేది. దీని పరీక్ష కాగితం రావలసింది అందులోంచే కదా అని... తీగ తీసి అక్కడ కూడా అద్ది, మళ్లీ దూర్చాను."

హిమజ తల్లి వైపు చూసింది. ఆ చూపుకి నాకు భయం వేసింది. కానీ అది వెంటనే చూపు తిప్పుకుంది. ప్రింటరు ప్లగ్గు పీకేసి, అగ్గిపుల్ల కొసతో గంధం పెళ్లలు రాల్చసాగింది. లోపలి సన్నని రేకులు వంగాయంటే ఇక అంతే. నీలవేణి సాయానికి చెయ్యి చాపి, మళ్లీ తనే వెనక్కి తీసుకుంది. హిమజ పాత బ్రష్షుతో పొడి దులిపింది, నోటితో ఊదింది, తీగ పెట్టింది.

కంప్యూటరు చిన్నగా మోగింది. ప్రింటరు గొణిగి, కాగితాన్ని లోపలికి లాక్కుంది. ముందు ఫొటో, తర్వాత నంబరు, మెల్లగా బయటికి వచ్చాయి. సిరా ఆరకముందే దాన్ని కవరులో పెట్టుకుని, "వెళ్లొస్తా" అని అందరికీ కలిపి ఒక్కసారే చెప్పి హిమజ వీధిలోకి పరుగెత్తింది. బస్సు అందింది.

మర్నాడు ద్వాదశి. ఉపవాసం విడిచే పారణకని తెల్లవారుజామునే లేచి వంట చేసి, అందరికీ ఒకే పంక్తిలో విస్తళ్లు వేశాం. నీలవేణి మాత్రం కూర్చోలేదు. రాత్రి నాలుగుసార్లు చేసిన ఫోనునే మళ్లీ చేతిలో పట్టుకుని ఉంది.

"లేచిందో లేదో, ఏమైనా తిందో లేదో, ఒక్కసారి చేస్తాను" అంది. తర్వాత మామగారి వైపు తిరిగి, "నిన్న నా ప్రశ్నకి మీరు జవాబు చెప్పనే లేదు మామయ్యగారూ" అంది.

ఆయన ఔపోశన పట్టబోతూ ఆగారు.

"బొట్టు నుదుట పెడతాం తల్లీ. నోట్లో పెట్టం."

నీలవేణి చేతిలోని ఫోను వైపు చూసింది. తర్వాత ఫోను దేవుడి గూటి పక్కన పెట్టి, వచ్చి విస్తరి ముందు కూర్చుంది. ఆమెకు నేనే వడ్డించాను. తింటున్నంతసేపూ అందరి చెవులూ గూటివైపే ఉన్నాయి.