సన్యాసమ్మ తప్పు జవాబులు

కామేశం మాస్టారు విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, విజయనగరంలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, బుద్ధి పరీక్షలు ఎలా చేయాలో నేర్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ణి, వైదేహి ఒకర్తె. నాకు లేని ధైర్యం ఆమెకుండేది. ఒకరోజు సూటిగా అడిగేసింది. "మాస్టారూ, ఇన్ని ప్రశ్నలడిగి చివరికి ఒక అంకె వేస్తాం. ఆ అంకె కొలిచేది మనిషి బుద్ధినేనా?"

మాస్టారు ఆ ఉదయమే కోర్టు నుంచి వచ్చిన కాగితం ఆమె చేతికిచ్చి, ఈవిడకు నువ్వే పరీక్ష చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం అన్నారు.

కాగితంలో ఉన్నది సన్యాసమ్మ అనే ఆవిడ సంగతి. ముప్పై నాలుగేళ్ల మనిషి. జూట్ మిల్లులో నూలు మిషన్ల మీద పన్నెండేళ్లుగా పని. భర్త పోయి ఏడాదైంది. ఏడేళ్ల కూతురుంది, పేరు పుష్ప. సన్యాసమ్మకు నానాటికీ బుద్ధి మందగిస్తోందనీ, పిలిస్తే పలకదనీ, ఒకటి చెబితే ఒకటి చేస్తుందనీ, పిల్లను తమకు అప్పగించమనీ అత్తగారూ మరిదీ కోర్టుకెక్కారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. పిల్ల ఏమైపోతుందోనని నిజంగానే భయపడ్డారు. విషయం తేల్చి చెప్పమని జడ్జిగారు మాస్టారికి రాశారు.

వైదేహి పుస్తకంలో ఉన్నదాంట్లో అక్షరం పొల్లుపోకుండా పరీక్ష చేసింది. సన్యాసమ్మ ప్రతి ప్రశ్నకూ వినయంగా తలూపింది. వారానికి రోజులెన్ని అంటే "అవునండి" అంది. నాలుగంకెలు చదివి తిరిగి చెప్పమంటే ఏవో రెండు చెప్పి ఊరుకుంది. చివరికి లెక్క వేస్తే, సగటు మనిషికి నూరు రావలసిన చోట యాభై ఎనిమిది వచ్చింది. ఆ అంకెతో పిల్ల తల్లి దగ్గర ఉండదని మా ఇద్దరికీ తెలుసు. పుష్ప వరండాలో కూర్చుని మాకేసి చూస్తోంది. వైదేహి కాగితాన్ని మాస్టారి ముందు పెట్టింది.

మాస్టారు అంకె జోలికి పోలేదు. జవాబుల మీద వేలుంచి ఒక్కొక్కటే చదువుతూ వచ్చారు. వారానికి రోజులెన్నో చెప్పలేని మనిషి, పడవకూ బండికీ పోలికేమిటంటే, "రెండూ బరువు మోస్తాయండి, ఒకటి నీళ్ల మీద" అని చెప్పింది. తేలికవి తప్పాయి, కష్టమైనవి కొన్ని నిలిచాయి. ఆయన తలెత్తి, "ఈ పడవ ప్రశ్న అడిగినప్పుడు నువ్వు ఎటు చూస్తున్నావమ్మా?" అన్నారు.

వైదేహి గుర్తు తెచ్చుకుంది. మొదట్లో బెరుకుతో తల వంచుకుని పుస్తకంలోంచి చదివింది. అంకెలూ పుస్తకంలో చూసే చదవాలి. బెరుకు తీరాక కొన్ని ప్రశ్నలు మాత్రం ఆవిడ ముఖంలోకి చూసి అడిగింది.

మాస్టారు సన్యాసమ్మను పిలిచి, కిటికీ వెలుతురు తన ముఖాన పడేలా ఎదురుగా కూర్చున్నారు. ఆయన పెదవులు కదిలాయి. పక్కనే ఉన్న నాకు చిన్న శబ్దమైనా వినిపించలేదు.

"పుష్పండి," అంది సన్యాసమ్మ.

మళ్లీ పెదవులు కదిలాయి.

"రెండో తరగతండి."

వైదేహి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది చూసి సన్యాసమ్మకు ఏం జరిగిందో అర్థమైంది. ముఖం పాలిపోయింది.

తర్వాత తనే చెప్పింది. మిల్లు మోతలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. అందరూ పెదాలు చూసుకునే మాట్లాడుకుంటారు. అందుకే చెవులు పోతున్న సంగతి ఆమెకే ఆలస్యంగా తెలిసింది. నాలుగేళ్లుగా దాదాపు ఏమీ వినబడదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, భర్త కూడా తెలుసుకోకుండానే పోయాడు. ఎదురుగా ఉన్నవాళ్ల మాట అందుకుంటుంది. వెనక నుంచి పిలిస్తేనే దొరికిపోతుంది. తెలివి పరీక్ష ఎలాగో నెగ్గుకురావచ్చనుకుంది. చెవుల పరీక్ష నెగ్గలేనని ఆమె భయం.

"సెవిటిదాన్నని రాయకండి బాబూ. పిల్లేడిస్తే దీనికి ఇనబడదని లాక్కుంతారు."

మరి పిల్ల ఏడిస్తే ఎలా తెలుస్తుందని మాస్టారు అడిగారు. ఆమె అరచెయ్యి చాపి చూపించింది. రోజూ ఆ చెయ్యి పిల్ల వీపు మీద వేసుకునే పడుకుంటుంది. దగ్గు వచ్చినా, పీడకల వచ్చినా, ముందు చేతికే తెలుస్తుంది.

నిజం దాచి రాయలేనని మాస్టారు ఆమె ముఖంలోకి చూస్తూ నిదానంగా చెప్పారు. చెవుల సంగతితో పాటు చేతి సంగతీ రాస్తానన్నారు. ఆమె చాలాసేపు పిల్లకేసి చూసి, రాయమంది.

వైదేహి సిగ్గుతో ఆ మొదటి కాగితం చించబోయింది. మాస్టారు ఆపారు. "చించకు. అది అబద్ధం చెప్పలేదు. మనం అడగని చెవుల సంగతి చెప్పింది."

మర్నాడు, మాటతో పనిలేని పరీక్ష పెట్టారు. రంగు దిమ్మలు పేర్చడం, బొమ్మల వరసలో లోటు కనిపెట్టడం. తెగిన నూలు పోగులు కలిపే ఆ వేళ్లు తడుముకోలేదు. నూట ఏడు వచ్చింది. చెవుల డాక్టరు కాగితమూ జతచేసి, రెండు పరీక్షల ఫలితాలూ, అరచేతి సంగతీ కలిపి మాస్టారు కోర్టుకు రాశారు.

అది చదివి వినిపించినప్పుడు అత్తగారు కోర్టులోనే కూలబడిందట. కోడలు కావాలనే పలకడం లేదని తాను ఎన్నిసార్లు తిట్టిందో తలుచుకుని ఏడ్చి, తనే పిటిషన్ వెనక్కి తీసుకుంది. పిల్ల తల్లి దగ్గరే ఉంది. అత్తగారు ఇప్పుడు ఏం చెప్పాలన్నా కోడలి ఎదురుగా వచ్చి చెబుతోందని తెలిసింది.

ఈ కబురు విన్నరోజు వైదేహి మొహం వెలిగిపోయింది. అయితే సన్యాసమ్మ అసలు బుద్ధి నూట ఏడన్నమాట, అంది.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ నూట ఏడు మన గదిలో గంటసేపటిదమ్మా. మిల్లులో పన్నెండేళ్లు పెదాలు చదివిన బుద్ధి వేరే ఉంది, దానికి మన దగ్గర అంకె లేదు."