తల్లిమాను మొలతాడు

దిండు ఇటు జరుపుకో తల్లీ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. నువ్వు ఊఁ కొడుతుంటేనే చెప్తాను మరి.

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మామూలు ఊరు కాదు, పెద్ద పట్నం. ఆ పట్నం కూడా నేల మీద కట్టింది కాదు. ఒకే ఒక్క చెట్టు మీద పెరిగిన పట్నం. దాని పేరు సిరికొమ్మ.

అక్కడ ఆకుచెవుల వాళ్ళు ఉండేవాళ్ళు. మనలాగే కాళ్ళూ చేతులూ, మనలాగే నవ్వులూ కోపాలూ. చెవులు మాత్రం తమలపాకు కొసల్లా మొనదేలి ఉండేవి. ఆ చెవులతో వాళ్ళు చీమ నడిస్తే వినేవాళ్ళు. మొగ్గ విచ్చుకుంటే వినేవాళ్ళు. ఎదుటివాళ్ళ కడుపులో ఆకలి మూలిగితే అదీ వినేవాళ్ళు. అందుకే ఆ ఊళ్ళో ఎవరూ నోరు తెరిచి అన్నం అడగాల్సిన పని లేదు.

వాళ్ళు ఐదువందల ఏళ్ళు బతికేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళొచ్చినా పాలపళ్ళు ఊడేవి కావు. నలభై ఏళ్ళ పిల్లలు పలకలు పట్టుకుని బడికి పోతుంటే, మూడువందల ఏళ్ళ పంతులుగారు "ఒరేయ్ పసివాళ్ళూ, తోసుకోకండిరా" అని కేకలేసేవాడు.

ఇంక ఆ చెట్టు సంగతి చెప్తా విను. దాన్ని తల్లిమాను అనేవాళ్ళు. నూరుమంది చేతులు చాచి నిలబడితేగాని దాని చుట్టు అందేది కాదు. దాని వేళ్ళ దగ్గర సాలెవాళ్ళూ కుమ్మరివాళ్ళూ ఉండేవాళ్ళు. మధ్య కొమ్మల మీద అంగళ్ళు, బడులు. పైకొమ్మల్లో రాణిగారి మేడ. ఇళ్ళు ఎవరూ కట్టలేదు. లేత కొమ్మలు వంచి అల్లితే అవే గోడలై, కప్పులై పెరిగాయి. వానొస్తే కిటికీ ఆకులు వాటంతటవే మూసుకునేవి. ఎండ కాస్తే మళ్ళీ తెరుచుకునేవి.

ఇంటింటికీ ఒక రెమ్మ, రెమ్మ చివర ఒక మొగ్గ. ఆ మొగ్గ విప్పితే చల్లటి నీళ్ళు ధారగా పడేవి. తల్లిమాను ఎక్కడో భూమి అడుగున తాగి, ఊరందరికీ పంచిపెట్టేది. చీకటి పడితే దీపం అక్కర్లేదు, గుమ్మం ముందు కాయలే వెలిగేవి. తేనె కుండల్లో పొంగేది. పట్టుబట్ట లేని ఇల్లు లేదు.

ఆ ఊళ్ళో సురపొన్న అని గాజులామె ఉండేది. వయసు రెండువందల ఏళ్ళు. అంటే మన లెక్కలో మీ అమ్మ కంటే కాస్త పెద్దది, అంతే. గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని, కొమ్మ కొమ్మా తిరిగి గాజులు తొడిగేది. చెయ్యి చూస్తే చాలు, ఏ గాజు పడుతుందో చెప్పేసేది. ఎంత బిగువు గాజైనా ఆమె తొడిగితే వెన్నలో వేలు దిగినట్టు దిగేది. ఒక్క చెయ్యి గీసుకుపోలేదు, ఒక్క గాజు చిట్లలేదు. తన పని తనకు వచ్చని సురపొన్నకు బాగా తెలుసు. అలాగని గొప్పలు పోయేది కాదు.

ఇలా హాయిగా ఉండగా, తల్లిమానుకు జబ్బు చేసింది.

మొదటి ఏడు మొగ్గల్లో ధార సన్నబడింది. రెండో ఏడు పైకొమ్మల ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. మూడో ఏడు వెలిగే కాయలు వెలగడం మానేశాయి. పట్నంలో మొట్టమొదటిసారి జనం చీకట్లో తడుముకుని అన్నాలు తిన్నారు.

రాణిగారి పేరు దేవకాంచన. ఆమె బెంగపడి ముగ్గురు పెద్దలను పిలిపించింది.

మొదటివాడు తోటల పెద్ద. "మానుకు దాహమమ్మా" అన్నాడు. అప్పుడు ఏటి నుంచి కాలవ తవ్వించి వేళ్ళకు నీళ్ళు పెట్టారు. గుణం లేదు.

రెండోవాడు వైద్యుడు. "మానుకు వేడి చేసిందమ్మా" అన్నాడు. అప్పుడు వేపాకూ పసుపూ నూరి బెరడంతా పట్టు వేశారు. గుణం లేదు.

మూడోవాడు పురోహితుడు. "మానుకు మర్యాద తక్కువైందమ్మా. దాని మొలతాడుకు ఇంకా బంగారం పెట్టించండి" అన్నాడు.

మొలతాడు ఏమిటంటావా? చెప్తా. వెయ్యేళ్ళ కింద, తల్లిమాను ఇంకా సన్నగా ఉన్నప్పుడు, రాణిగారి ముత్తవ్వ దానికి ముద్దుగా బంగారు మొలతాడు కట్టింది, పసిబిడ్డకు కట్టినట్టే. ఆ మొలతాడు ఉన్నన్నాళ్ళూ సిరి ఊరు దాటిపోదని అందరి నమ్మకం. ఏటేటా పండగనాడు ఇంటికో పూస తెచ్చి దానికి గుచ్చేవాళ్ళు. అలా గుచ్చీ గుచ్చీ అది తాటిమొద్దంత లావైపోయింది. దాని మీద పూలదండలు, పట్టుగుడ్డలు. లోపల ఏముందో ఎన్నో ఏళ్ళుగా ఎవరూ చూడనేలేదు.

సరే, పురోహితుడు చెప్పినట్టే బంగారం పెట్టించారు. నాలుగో రోజు పొద్దున్నే ఫెళ్ళుమని శబ్దం! కుమ్మరివాళ్ళ ఇళ్ళ మీదికి చాచుకున్న పెద్ద కొమ్మ విరిగి పడింది. విరగబోయే ముందు లోపల చిటచిట వినబడి జనం పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎన్ని ప్రాణాలు పోయేవో!

అప్పుడు రాణిగారు చాటింపు వేయించింది. "పది రోజుల్లో అందరం ఊరు విడిచి వెళ్దాం. మానుతో పాటు మనమూ పడిపోవద్దు" అని. చాటింపు విని ముసలివాళ్ళు గుమ్మాలు పట్టుకుని ఏడ్చారు. ఎక్కడికని పోతారు? ఆ కొమ్మల మీదే పుట్టారు, ఆ కొమ్మల మీదే నడక నేర్చారు.

సురపొన్న కూడా గాజులన్నీ గడ్డిలో పెట్టి చుట్టింది. ఆ మర్నాడే మేడ నుంచి కబురొచ్చింది. రాణిగారి కూతురు నాగమల్లికి ఏడో నెల. చెయ్యి వాచి గాజు బిగుసుకుపోయింది, ఏడుస్తోంది, వెంటనే రమ్మని.

వెళ్ళి చూస్తే ఏముంది! మణికట్టు దగ్గర గాజు కండలోకి దిగిపోయింది. వేళ్ళు నీలంగా తిరిగాయి.

"పగలగొట్టెయ్ అత్తా, ఓర్చుకోలేకపోతున్నాను" అంది నాగమల్లి.

"పగలగొడితే గుచ్చుకుంటుందమ్మా. నువ్వు ఊపిరి పీల్చుకో. వదిలేటప్పుడు నేను చూసుకుంటా" అంది సురపొన్న. చేతికి నూనె రాసింది. బొటనవేలు లోపలికి మడిచింది. నాగమల్లి ఊపిరి వదులుతుంటే, ఆ వదలడంలోనే గాజు జారి వచ్చేసింది. చూస్తుండగానే వేళ్ళలోకి ఎర్రగా నెత్తురు పాకింది.

అప్పుడు సురపొన్న చెమట తుడుచుకుంటూ కిటికీలోంచి కిందికి చూసింది. తల్లిమాను నడుము కనబడింది. మొలతాడుకు పైన మాను ఉబ్బి ఉంది. మొలతాడుకు కింద పీక్కుపోయి ఉంది. ఆమె ఇంకాస్త వంగి చూసింది. "అయ్యో! దీనికీ గాజే బిగిసింది!" అనుకుంది.

నాగమల్లిని వెంటబెట్టుకుని తిన్నగా రాణిగారి ముందుకు వెళ్ళింది.

"రాణమ్మా, మానుకు జబ్బూ లేదు, దాహమూ లేదు. అది పెరిగింది. మొలతాడు పెరగలేదు. గొంతు నులిమినట్టు పట్టేసింది. విప్పించండి."

రాణిగారు సింహాసనం మీంచి దిగ్గున లేచింది. "ఏమన్నావు? మొలతాడు తెంచేది ఎవరికో తెలుసా నీకు? ప్రాణం పోయినవాళ్ళకి! బతికున్న తల్లికి తెంచమంటావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు బిక్కచచ్చిపోయారు. సురపొన్న మాత్రం కదల్లేదు.

"తెంచమనలేదమ్మా, వదులు చెయ్యమన్నాను. మీ నాగమల్లి పసిబిడ్డగా ఉన్నప్పుడు కట్టిన మొలతాడు, పాకే వయసొచ్చాక మార్చలేదా మీరు? మార్చకుండా అలాగే ఉంచారా?"

రాణిగారు కూతురి వాచిన మణికట్టు నిమిరి చూసింది. ఆ తర్వాత మెల్లిగా అడిగింది. "విప్పుతుంటే మాను విరిగిపడితేనో?"

"మొదలు దగ్గర నేనే ఉంటాను కదమ్మా. పడితే నా మీదే పడుతుంది. కానీ పడదు. బిగిసినదాన్ని తియ్యడం నా పని. నాకు తెలుసు."

ఆ మాట అన్న తీరు చూసి రాణిగారు ఒప్పుకుంది.

అప్పుడు సురపొన్న కంసాలి రేలయ్య తాత దగ్గరికి వెళ్ళింది. ఆ మొలతాడు చేసింది ఆయన వంశంవాళ్ళే. ఆయన ముందు ససేమిరా అన్నాడు. "మా పెద్దల చేతిపని, నేను ముట్టను పో" అన్నాడు. సురపొన్న ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆయన చెవిని మాను బెరడుకు ఆనించింది. తాత విన్నాడు. లోపల తల్లిమాను ఊపిరి సన్నగా, ఎగశ్వాసలా వినబడింది. తాత కళ్ళు తుడుచుకుని, "రెండు కొసలూ కలిపే శీల తూర్పువైపు ఉంటుందని మా నాన్న చెప్పేవాడమ్మాయ్" అన్నాడు.

ఊరంతా దిగి ఏటి అవతలకు వెళ్ళిపోయింది. మాను దగ్గర సురపొన్న, రేలయ్య తాత ఇద్దరే మిగిలారు. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. చూస్తే రాణిగారు, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని దిగి వస్తోంది. "మా ముత్తవ్వ కట్టింది. విప్పేటప్పుడు మా ఇంటివాళ్ళు ఒకరు ఉండాలిగా" అంది.

మొదటి రోజు ముగ్గురూ పట్టుగుడ్డలు తీసి, పూసలు ఒక్కొక్కటే విప్పారు. లోపల చూస్తే బెరడు మొలతాడును సగం మింగేసి ఉంది. రాణిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్ళూ దీని మీదే పూలు కప్పామా!" అంది.

రెండో రోజు శీల చుట్టూ ఆముదం పోసి నానబెట్టారు. పోసింది పోసినట్టే మాను తాగేసింది. కుండలకు కుండలు పోశారు.

మూడో రోజు తాత సుత్తి ఎత్తాడు. "వద్దు తాతా! సుత్తి పెడితే నిలువునా పగులుతుంది" అని సురపొన్న ఆపింది. చేతికి నూనె రాసుకుని, బెరడు సందులోకి దూర్చింది. మోచెయ్యి పోయింది. భుజం దాకా పోయింది. వేళ్ళ కొసలకు శీల తగిలింది. లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. మాను కిర్రుమని మూలిగింది, ఆమె చెయ్యి రాపాడి నెత్తురొచ్చింది.

"వచ్చెయ్ అమ్మాయ్! చెయ్యి నలిగిపోతుంది!" అని తాత అరిచాడు.

"కాసేపు మాట్లాడకండి" అంది సురపొన్న. చెంప బెరడుకు ఆనించి కళ్ళు మూసుకుంది. లోపల మాను ఊపిరి పీలుస్తోంది... బిగిసింది. ఊపిరి వదులుతోంది... వెంట్రుకవాసి సడలింది. మళ్ళీ పీల్చింది. ఆమె ఆగింది. "ఏం కాదమ్మా, వదులు. నేను చూసుకుంటా" అని నాగమల్లికి చెప్పినట్టే మానుకూ చెప్పింది. మాను ఊపిరి వదిలింది. ఆ వదలడంలోనే వేళ్ళతో శీల పట్టి జారలాగింది.

టక్!

మొలతాడు రెండు కొసలూ విడిపోయి, కొండచిలువలా జారి నేల మీద పడింది.

మాను పడిందా? పడలేదమ్మా! ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు వేళ్ళ నుంచి చివర్ల దాకా కదిలింది. అప్పుడు లోపల గుడగుడమని నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు. ఏటి అవతల ఉన్న జనం ఆ చెవులతో విన్నారు. "ఎక్కుతున్నాయ్! నీళ్ళు ఎక్కుతున్నాయ్!" అని గంతులేశారు. ఆ తర్వాత ఒక మొగ్గ చిమ్మింది. పక్కన ఇంకోటి. ఇంకోటి. పట్నమంతా ధారలే ధారలు! రాణిగారు నిలువునా తడిసిపోయి చిన్నపిల్లలా నవ్వింది.

నెల తిరిగేసరికి విరిగిన కొమ్మ మొదట్లో చివురు పెట్టింది. కాయలు వెలిగాయి. నెలలు నిండాక నాగమల్లికి పాప పుట్టింది. రేలయ్య తాత మాను కోసం మెత్తటి నూలుతాడు పేనాడు, పిడికిలి దూరేంత వదులుగా. ఏటేటా దాన్ని విప్పి మళ్ళీ కట్టాలని రాణిగారు కట్టడి చేసింది.

అదంతా తర్వాత సంగతి. మొలతాడు విప్పిన రోజునే రాణిగారు అడిగింది. "సురపొన్నా, ఏం కావాలో కోరుకో. మేడ ఇమ్మన్నా ఇస్తాను."

సురపొన్న చేతికి కట్టు కట్టుకుని, ఆవులిస్తూ అంది. "మూడు రోజులుగా కన్ను మూయలేదు రాణమ్మా. నన్ను ఎవరూ లేపకుండా ఉంటే చాలు, కడుపునిండా నిద్రపోతాను."

చెప్పానుగా, ఆ ఊళ్ళో చీమ నడిచినా వినబడుతుందని! అందుకని ఊరు ఊరంతా మునివేళ్ళ మీద నడిచింది. సాలెవాళ్ళు మగ్గం ఆపారు. పంతులుగారు సైగలతో పాఠం చెప్పాడు. ఉయ్యాల పిల్లలు కూడా ఏడుపు మింగి చప్పరించారు. మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు అంత పెద్ద పట్నం గుసగుసైనా లేకుండా కూర్చుంది. మధ్యలో సురపొన్న గుర్రు ఒక్కటే. ఆ గుర్రు వింటూ అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఏమ్మా, ఊఁ కొట్టడం మానేశావే? సరే, సరే.

కొమ్మ కొమ్మకూ చివురు వచ్చె,
సురపొన్న కళ్ళకూ నిదుర వచ్చె,
కథ నడిచి నడిచీ కంచి చేరె,
మన బుజ్జితల్లేమొ ఇల్లు చేరె.