లేని దీవిలో తియ్యనీళ్ళు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రేవు ఊరు. అటు తిరిగి పడుకో, చెబుతా. కోళ్ళ సంగతి తర్వాత.

ఆ రేవుకి వలందా దొరలు ఓడలేసుకుని వచ్చేవాళ్ళు. వలందా అంటే ఎక్కడో చలిదేశం, ఇప్పుడు డచ్చివాళ్ళంటున్నారు. వాళ్ళలో కోర్నేలి దొర అని ఒకడు. అతగాడి పనేంటంటే, తన దేశం వాళ్ళెవరూ చూడని దీవులు వెతకటం.

మొదటిసారి మూడు తెరచాపల పెద్ద ఓడిచ్చారు. ఏడాది తిరిగాడు. ఏమీ కనపడలా. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళు అడిగారు, "ఏం కనపడింది దొరా?" "నీళ్ళు" అన్నాడు. "అవి మాకిక్కడే ఉన్నాయిగా!" అని పడీ పడీ నవ్వారు.

ఆ తర్వాత రెండు తెరచాపల ఓడిచ్చారు. రెండేళ్ళు తిరిగాడు. ఓడలో వాళ్ళకి చిగుళ్ళు వాచి పళ్ళూడినాయిగానీ, దీవి మాత్రం దొరకలా. ఈసారి ఎవరూ నవ్వలా. అడగను కూడా అడగలా. కోర్నేలికి అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు ఒంటి తెరచాప ఓడిచ్చి, "ఇదే ఆఖరు" అన్నాడు ఆ రేవులో ఉండే వాళ్ళ పెద్దదొర. ఆ ఓడా ఉత్తదే వచ్చింది. ఒడ్డున జనం కనపడేసరికి కోర్నేలికి చెమటలు పట్టినాయి. పడవ దిగుతూ దిగుతూ అనేశాడు, "దొరికింది! పచ్చటి దీవి. నడిమధ్య తియ్యనీళ్ళ ఊట."

ఓడలో వాళ్ళకి మాత్రం సిగ్గు కాదూ, ఉత్త చేతుల్తో వచ్చామని చెప్పుకోటానికి? కిక్కురుమనలా. వారం తిరక్కుండా వేరే ఓడెక్కి వాళ్ళ దేశం పోయారు.

కోర్నేలి సముద్రం పటం మీద ఆవగింజంత చుక్క పెట్టాడు. పెద్దదొర మురిసిపోయి అతగాడి నెత్తిన జరీ టోపీ పెట్టాడు. అందరూ "దీవి దొర, దీవి దొర" అంటుంటే అతగాడికి ముద్ద దిగేది కాదు.

ఆ ఊళ్ళోనే ఎర్రమ్మ అని ఒకావిడ. ఓడల పీపాలకి మంచినీళ్ళు మోసేది. ఒడ్డున పీపాలు నింపితే, పడవల మీద ఓడకి చేరేవి. ఆవిడ మొగుడు వీరాసామి ఓడలో కళాసీ. ఆ ఏడు వీరాసామి ఎక్కే ఓడ దూరదేశం బయల్దేరింది.

"నలభై పీపాలే కదా దొరా?" అంది ఎర్రమ్మ.

"ఇరవై చాలు" అన్నాడు పెద్దదొర. "దోవలో కోర్నేలి దీవి ఉందిగా, మిగతావి అక్కడ పట్టుకుంటారు. ఆ జాగాలో బట్టల మూటలు ఎక్కించండి." కోర్నేలి వైపు తిరిగి, "ఊటలో నీళ్ళు బాగా ఉన్నాయిగా?" అన్నాడు.

"ఉన్నాయి" అన్నాడు కోర్నేలి.

అప్పుడు ఓడ నడిపే సరంగు కోర్నేలిని అడిగాడు, "ఎన్నాళ్ళ దోవ?"

"ఇరవై రోజులు." నోటికొచ్చిందే.

ఆ తర్వాత ఎర్రమ్మ అడిగింది. "దొరగారూ, మా ఆయనకి ఉప్పునీళ్ళు పడవు. ఆ నీళ్ళు నిజంగా తియ్యగానే ఉంటాయా?"

"కొబ్బరినీళ్ళే" అన్నాడు. ఆవిడ మొహం చూడలేక టోపీ కళ్ళమీదకి లాక్కున్నాడు.

"అట్లాగైతే ఇవి దండగే" అని ఎర్రమ్మ, అప్పటికే ఇరవై పీపాలు నిండగా మిగిలిన మూడు కడవల్లో ఒకటి ఇసకలో వంచింది. ఇసక గుటుక్కున తాగేసింది. రెండోది వంచింది. అదీ అంతే. మూడో కడవ మీద చెయ్యేసింది.

"ఆగమ్మా! పొయ్యకు!"

రేవంతా తిరిగి చూసింది.

"దీవి లేదు" అన్నాడు కోర్నేలి. "ఊటా లేదు. చుక్క నేనే పెట్టా."

పెద్దదొర పటం తెప్పించి, ఆ చుక్కని చాకుతో గీకించాడు. అక్కడ బొక్క పడింది. వీరాసామి పడవలోంచి తుపుక్కున ఉమ్మేశాడు. కోర్నేలి చెవులు కందిపోయినాయి. తలొంచుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

"ఎంతసేపట్లా నిలబడతావయ్యా?" అంది ఎర్రమ్మ. "నీ సిగ్గుతో పీపాలు నిండవు. పోటు తగ్గేలోపల ఇంకా ఇరవై ఉన్నాయి. కడవెత్తు."

టోపీ తీస్తేనే కదా కడవ తలకెక్కేది? తీసి ఇసకలో పెట్టాడు. మొదటి కడవ సగం మెడమీదే పోసుకున్నాడు. వలలవాళ్ళు మళ్ళీ నవ్వారు. నవ్వనీ అని మోశాడు. ఇరవై పీపాలూ నిండేదాకా మోశాడు.

ఓడ వెళ్ళింది. ఏడాదికి వీరాసామి తిరిగొచ్చాడు. "దోవలో ఏం కనపడింది?" అంది ఎర్రమ్మ. "నీళ్ళు" అన్నాడు.

కోర్నేలికి మళ్ళీ ఎవరూ ఓడివ్వలా. మరి ఆ టోపీనా? ఎర్రమ్మ కోడిపెట్ట అందులో గుడ్లు పెట్టింది.

కోళ్ళంటే గుర్తొచ్చింది. పొద్దున నీళ్ళు పెట్టావా అంటే పెట్టానన్నావు. చిప్ప ఎండిపోయి ఉంది, నేను చూశా. మొహం దాచుకోకు. రేపు లేవగానే చెంబెత్తు.

ఓడ సంద్రానికి, నీళ్ళు పీపాకి,
కడవ కుదురుకి, కన్ను నిద్దరకి,
కథ కంచికి, మనం దుప్పట్లోకి.