బోర్లించని చేప

భీమిలి ఒడ్డున చేపల వ్యాపారం చేసే ఎల్లాజీకి తెలియని చేప ఉండేది కాదు గానీ, ‘తెలియదు’ అనే మాట మాత్రం ఎంత లాగినా అతని నోట వచ్చేది కాదు. ఎవరైనా దారి అడిగితే, తెలియకపోయినా చెయ్యెత్తి చూపించేవాడు. అలా చూపిన దారిన పోయిన ఒక పెళ్లివారు ముహూర్తం దాటాక చేరారట. భీమిలి కబుర్లు మొదలుపెడితే డచ్చివారి సమాధుల దాకా పోతాయి, ఈలోగా చేప చల్లారిపోతుంది. అసలు సంగతికి వద్దాం.

ఎల్లాజీకి ఒక పడవ ఉండేది. దళారులు ఎంతంటే అంతకే సరుకు ఇచ్చి ఇచ్చి, వలలు కూడా బాగుచేయించుకోలేని స్థితికి వచ్చాడు. రోజూ చేపలు కొనే హోటలు ఒక్కటైనా దొరక్కపోతే ఇక పడవ అమ్ముకోవలసిందే.

అందుకని భార్య దేముడమ్మను వెంటబెట్టుకుని, విశాఖపట్నంలో కొత్తగా పెట్టిన థాయ్ హోటలుకు వెళ్లాడు. యజమానురాలు మర్యాదగా కూర్చోబెట్టి, ముందు మా వంట రుచి చూడండి అంది. అన్నం, కొబ్బరిపాల కూర వచ్చాయి. పక్కన చెంచా, ఫోర్కు పెట్టారు.

“ఇదేటండీ, పుల్లలేవి? మీ తిండి పుల్లల్తోనే తినాలని నాకు తెల్దేటి?” అన్నాడు ఎల్లాజీ, హోటలంతా వినేలా.

ఆవిడ పుల్లలు తెప్పించింది. చుట్టూ అందరూ చెంచాలతో హాయిగా తింటున్నారు. ఎల్లాజీ రెండు పుల్లల మధ్య నుంచి మెతుకులు, మెతుకులతో పాటు అతని పరువు జారిపోతూనే ఉన్నాయి.

చివరికి ఆవిడ అంది: “థాయ్‌లాండులో అన్నం చెంచాతోనే తింటారండీ. తెలియని పుల్లల గురించి ఇంత గట్టిగా చెప్పిన మనిషి, రేపు నిన్నటి చేపను ఇవాళ్టిదని ఇంతే గట్టిగా చెబితే నేనేం చేయను?”

తిరుగు బస్సులో దేముడమ్మ ఊరుకోలేదు. “మావా, ‘నాకు తెల్దు’ అని ఓపాలి అని సూడు. పళ్లేటీ రాలిపోవు.”

“నువ్వూరుకోయే,” అన్నాడు గానీ, ఆ మాట అతని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

నెల తిరిగేసరికి భీమిలి బీచిలోనే లియాంగ్ అనే పెద్దమనిషి చైనా హోటలు తెరిచాడు. ఆయన కలకత్తాలో పుట్టి, విశాఖలో ముప్పై ఏళ్లు వంట చేసినవాడు. తెలుగు మనకన్నా తీరుబాటుగా మాట్లాడేవాడు. చేపలు వేస్తామని వచ్చిన ప్రతివాణ్ణీ ముందు తనతో భోజనానికి కూర్చోబెట్టేవాడు.

ఎల్లాజీ తెచ్చిన పండుగప్పనే అల్లం ముక్కలు వేసి ఆవిరి మీద ఉడికించి, తలతో సహా పళ్లెంలో పెట్టించాడు. ఎల్లాజీ, దేముడమ్మ, లియాంగ్ ముగ్గురూ తిన్నారు. పైవైపు అయిపోయింది. వెన్నుముల్లు తేలింది. ఇక కిందివైపు తినాలి.

చేపను తిప్పడానికి ఎల్లాజీ చెయ్యి అలవాటుగా లేచింది. లియాంగ్ తినడం ఆపి ఆ చేతివంకే చూశాడు. దేముడమ్మ బల్ల కింద మొగుడి కాలు తొక్కింది.

‘చేప తినడం నాకొకరు నేర్పాలా!’ అనుకున్నాడు ఎల్లాజీ. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి అతనికి ఒళ్లంతా చెమట పట్టింది. తుఫానులో పడవ నడిపిన రోజున కూడా అంత చెమట పట్టలేదు.

“అయ్యా... నాకు తెల్దండి. ఇక్కణ్ణుంచి మీరెలా తింటారు?”

లియాంగ్ ముఖం వెలిగిపోయింది. “బతికించావు బాబూ! మా తాతలు సముద్రం మీద బతికినవాళ్లు. పళ్లెంలో చేపను తిప్పితే నీళ్లలో పడవ బోర్లాపడుతుందని మా భయం. అందుకని ముల్లు పైకి తీసి, కిందిది తింటాం. నీకన్నా ముందు నలుగురు వచ్చారు. నలుగురూ అడక్కుండానే తిప్పేశారు.”

ఎల్లాజీ కళ్లు చెమర్చాయి. “మా యమ్మా అంతేనండి. మా అయ్య ఏటకెళ్తే, తిరిగొచ్చేదాకా ఇంట్లో చట్టి బోర్లించేది కాదు.”

లియాంగ్ ముల్లు పైకెత్తాడు. తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా వచ్చింది.

“మరి రోజూ నువ్వు తెచ్చే చేప తాజాదేనా?” అని అడిగాడు.

“తాజాదైతే తాజాదంటానండి. కాకపోతే కాదంటాను.”

“‘తెల్దు’ అన్న నోరు కదా, నమ్ముతాను. రేపటినుంచి నీ పడవ చేపలే మా హోటల్లో!”

ఎల్లాజీ తాజా కాని చేపను కాదనే చెబుతాడని విని, ఏడాది తిరక్కుండా థాయ్ హోటలావిడ కూడా కబురు పెట్టింది. ఎల్లాజీ వెళ్లి, ఈసారి చెంచాతో పళ్లెం ఊడ్చి తిని, ఆ హోటలూ సంపాదించుకు వచ్చాడు. కొత్త వలలు కొన్నాడు. పడవకు రంగు వేయించి, ముందువైపు దేముడమ్మ పేరు రాయించాడు. ఎవరైనా దారి అడిగితే మాత్రం, “నాకు తెల్దు బాబూ, మా ఆడదాన్నడుగు,” అని దర్జాగా చెప్పేవాడు.

తెలియనిది తెలియదని ఒప్పుకున్నవాడు తెలుసునన్నప్పుడే లోకం నమ్ముతుంది.