తాడును మోసిన చిప్పమ్మ

పిల్లలూ, అనగనగా ఒక సముద్రంలో చిప్పమ్మ అనే ముసలి తాబేలు ఉండేది. దాని వీపు మీద నాచు పట్టి పచ్చగా ఉండేది. ముందరి కాలి అంచు ఒకచోట తెగి ఉండేది. పెద్దగా మాట్లాడే రకం కాదు. ఏటా గుడ్లు పెట్టడానికి ఎంత దూరం నుంచైనా ఒకే ఇసుక తీరానికి ఈదుకుంటూ వచ్చేది.

ఆ ఏడు దాని వెంట బుల్లి అనే పడుచు తాబేలు బయలుదేరింది. బుల్లికి అదే మొదటి ప్రయాణం. దారి పొడుగునా "అత్తా, అత్తా" అంటూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.

ఒకరోజు పొద్దున్నే వాళ్ల దారికి అడ్డంగా గాలాల తాడు కనిపించింది. జాలరులు చాలా పొడవైన తాడుకు నీటి మీద తేలే బెండ్లు కట్టి సముద్రంలో వదులుతారు. ఆ పెద్ద తాడు నుంచి చిన్న తాళ్లు వరసగా కిందికి వేలాడతాయి. ఒక్కో చిన్న తాడు చివర ఒక గాలం, గాలానికి ఎర. ఇదంతా టూనా చేపల కోసం. తాబేళ్ల మీద వాళ్లకు పగేమీ లేదు. కానీ వచ్చింది టూనానో తాబేలో గాలానికి ఏం తెలుస్తుంది?

చిప్పమ్మ చుట్టు తిరిగి పోదామంది. బుల్లికి ఆకలిగా ఉంది. కళ్ల ముందు ఎర చేప మెరుస్తోంది. ఒక్కసారి నోట పెట్టుకుంది. గాలం దవడలో దిగిపోయింది.

తాబేలు నీళ్లలోనే బతికినా మనలాగే గాలి పీల్చాలి. పైకి రాకపోతే ప్రాణం పోతుంది. బుల్లి పైకి ఈదింది. ఎండ వెలుగు కనిపిస్తూనే ఉంది, తాడు మాత్రం అక్కడిదాకా పోనివ్వడం లేదు. పక్క గాలానికి పెద్ద టూనా ఒకటి పడి, తాడును కిందికి లాగేస్తోంది.

చిప్పమ్మ తాడును కొరికింది. తెగలేదు. అప్పుడది పెద్ద తాడు కిందికి దూరి, వీపు ఆనించి, నాలుగు కాళ్లతో నీటిని తన్నుతూ పైకి లేపింది. బుల్లి ముక్కు నీటి పైకి వచ్చింది. ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు. అంతలో టూనా లాగింది. ఇద్దరూ మునిగారు. చిప్పమ్మ మళ్లీ లేపింది. అలా మునగడం, లేపడం. వీపు మీద తాడు ఒరుసుకుని నాచు ఊడిపోయింది.

అటుగా ఒక సొరచేప వచ్చింది. నీ పళ్లు పదునైనవి, కాస్త ఈ తాడు కొరికిపెట్టమని చిప్పమ్మ బతిమాలింది. నువ్వు అలిసిపోతే నాకు భోజనమే కదా అని చెప్పి, సొర అక్కడే చుట్టూ తిరగసాగింది.

తర్వాత కత్తిలాంటి పొడవాటి మూతి ఉన్న కొమ్ముకోనాం చేప వచ్చింది. దానికి జాలి వేసింది. కానీ దాని అన్నను ఇలాంటి గాలమే పట్టుకుపోయిందట. దగ్గరికి రానని దూరం నుంచే చెప్పింది. నీ కడుపులో గుడ్లున్నాయి, నీ దారిన నువ్వు పొమ్మని సలహా ఇచ్చి వెళ్లిపోయింది.

బుల్లి అదంతా విన్నది. "అత్తా, నువ్వు వెళ్లిపో" అంది.

"ముందు ఊపిరి తీసుకో. మాటలు తర్వాత" అంది చిప్పమ్మ, తాడును పైకి లేపుతూ.

ఆ తర్వాత ఒక తెల్లని సముద్రపు పిట్ట వచ్చి బెండు మీద వాలింది. తన ముక్కుతో తాడు తెగదని ఒప్పుకుంది. అయితే పిట్టలు గుంపుగా తిరిగే చోట చేపలుంటాయని పడవవాళ్లు వస్తారట. కావాలంటే తన వాళ్లందరినీ పిలుస్తానంది. "కానీ వాళ్లు నిన్ను కూడా పట్టుకుపోవచ్చు" అని హెచ్చరించింది.

చిప్పమ్మ తాడును ఇంకోసారి లేపింది. ఈసారి అది అంతకుముందంత పైకి రాలేదు. "పిలువు" అంది.

పిట్టలు మూగి గోల చేశాయి. ఆ తాడు వేసిన కొర్లయ్య, అతని బావమరిది తవిటయ్య అవి చూసి, సాయంత్రం రావలసినవాళ్లు ముందే పడవ తిప్పారు. ఇంజిన్ చప్పుడుకు సొర జారుకుంది. చిప్పమ్మ మాత్రం కదల్లేదు.

కొర్లయ్య వంగి నీళ్లలోకి చూశాడు. చిప్పమ్మ వైపు చెయ్యి చూపించాడు.

"ఇది గాలానికి పడలేదు తవిటయ్యా. కావాలనే మోత్తంది. తాడు ఒదులు చెయ్యి."

"ఒదిలితే సేప పోద్ది బావా. ఇన్నాళ్లకి ఇంత సేప పడింది."

"పోనీ. సేప రేపు పడద్ది. దీనికి ఊపిరి రేపు రాదు."

తవిటయ్య గొణుక్కుంటూనే తాడు వదులు చేశాడు. టూనా గింజుకుని, గాలం వదిలించుకుని పోయింది. ఇద్దరూ కలిసి బుల్లిని రెండు చేతులా పడవలోకి ఎత్తారు. కొర్లయ్య పటకారుతో గాలం ముక్కు తుంచి, మిగిలింది మెల్లగా వెనక్కి తీశాడు. అంతసేపూ చిప్పమ్మ పడవ పక్కనే తేలుతూ చూస్తూ ఉంది. తవిటయ్య చెయ్యి చాపి, ఒరుసుకుపోయిన దాని వీపును నిమిరాడు. "నీ ఓపిక ముందు మాదెంత" అన్నాడు. తర్వాత బుల్లిని నీళ్లలో వదిలారు.

అప్పటి నుంచి వాళ్లిద్దరూ గుండ్రంగా వంగిన గాలాలు కట్టారు. అవి తాబేలు నోట్లో అంత సులువుగా దిగవు. తాళ్లు కూడా తాబేళ్లు మేసే చోటికంటే లోతుగా వేశారు. మొదట్లో తోటివాళ్లు నవ్వారు. కొర్లయ్య చూసింది చూసినట్టు చెప్పాడు. విన్నవాళ్లలో కొందరు తమ గాలాలు కూడా మార్చారు.

చిప్పమ్మ, బుల్లి మెల్లగా ఈదుతూ తీరం చేరారు. చిప్పమ్మ తడి ఇసుక మీద కాళ్లు చాపి పడుకుంది. ఇసుక తవ్వే ఓపిక వచ్చేదాకా బుల్లి దాని పక్కనే కూర్చుంది.

"సొర తిరుగుతున్నా, పడవ వచ్చినా నన్ను వదిలి ఎందుకు పోలేదు అత్తా?" అని అడిగింది.

"నువ్వు ఇంకా ఊపిరి తీసుకుంటున్నావు కదా. ఎలా పోను?" అంది చిప్పమ్మ.

నీతి: ఒకరి ఆపదను పూర్తిగా తీర్చే శక్తి మనకు లేకపోవచ్చు. తీర్చగలవాళ్లు వచ్చేదాకా ఆపదలో ఉన్నవాళ్లను వదలకుండా ఉండడం కూడా గొప్ప సాయమే.