తోడేళ్లు తేనె పెట్టిన కెప్టెన్

అనగనగా ఒక అడవిలో ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది.

అడవిలో బాస్కెట్‌బాల్ ఏమిటని నవ్వేవాళ్లు లేచి వెళ్లి పళ్లు తోముకుని పడుకోండి. మాట్లాడే ఎలుగుబంటిని నమ్ముతారుగానీ బంతాడే ఎలుగుబంటిని నమ్మరా? భలేవాళ్లర్రా మీరు!

ఆ ఆట ఎలా వచ్చిందో చెప్తా వినండి. టౌనునుంచి పిక్నిక్కుకి వచ్చినవాళ్లు సగం తిన్న పులిహోర, ఒక బంతి వదిలేసి పోయారు. పులిహోర కోతులు తినేశాయి. బంతిని కూడా కొరికి చూశాయి, బాలేదని పడేశాయి. అప్పుడు గుబురయ్య అనే ఎలుగుబంటి రెండు వెదురుబుట్టలకి అడుగు కోసి, వాగుపక్కన ఎదురెదురుగా ఉన్న రెండు మద్దిచెట్లకి కట్టాడు. రాళ్లన్నీ తన చేతులతోనే ఏరి, నేల చదును చేశాడు. బంతి అవతలివాళ్ల బుట్టలో వెయ్యాలి, మన బుట్టలో పడకుండా చూసుకోవాలి. అంతే ఆట.

చూస్తుండగానే అడవంతా ఆ పిచ్చి పట్టుకుంది. గుట్టమీది తోడేళ్లు ఒక జట్టు, లోయలో నక్కలు ఒక జట్టు, బండల మధ్య చిరుతలు ఒక జట్టు. వాగుపక్క జట్టుకి మన గుబురయ్యే కెప్టెన్. ఆట జరిగే రోజుల్లో ఎవరూ ఎవర్నీ తినకూడదని కట్టడి. అందుకని చిరుతలు ఆటకి ముందురోజే కడుపునిండా తినొచ్చేవి. అదొక మర్యాద.

అంతా బాగానే ఉందిగానీ, మన వాగొడ్డు జట్టు వరసగా ఓడిపోతోంది. ముందటేడూ ఆఖరే, నిరుడూ ఆఖరే. చివరికి అడవిపెద్ద, ఏనుగమ్మ, తొండం ఊపి తేల్చి చెప్పేసింది.

"ఈసారి కూడా మీరే ఆఖరున వస్తే జట్టు రద్దు. ఆ మైదానం అడవిపందులకి ఇచ్చేస్తాను. పాపం, పొర్లడానికి చోటులేక ఏడుస్తున్నాయి."

గుబురయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తను రాయి రాయి ఏరిన నేలలో పందులు పొర్లడమా!

ఒకటే ఆశ. ఏటా వానలకి ముందు కొత్తపిల్లల ఎంపిక జరుగుతుంది. ఆడాలని సరదాపడే కుర్రకారంతా ఏనుగమ్మ ఎదుట వరసగా నిలబడతారు. ఆఖరున వచ్చిన జట్టు అందరికంటే ముందు తనకి కావలసినవాళ్లని ఎంచుకోవచ్చు. కెప్టెన్ ఎవరి ముందు బంతి పెడితే వాళ్లు ఆ జట్టువాళ్లు. అయితే జట్టుకి ఒక్కరే.

"ఒక్కరంటే ఒక్కరు," అన్నాడు పట్టాభి. పట్టాభి అంటే ఉడుము, జట్టుకి ఆట నేర్పే గురువు. "కాబట్టి ముందు మనకి ఏం లోటుందో తేల్చుకోవాలి. ఒక్కొక్కరే చెప్పండి."

నెమలి పింఛాలరావు ముందుకొచ్చాడు. ఈ పింఛాలరావుకి ఒక జబ్బుంది. బుట్టలో బంతి వెయ్యగానే పింఛం విప్పి ఒక చుట్టు తిరుగుతాడు.

"నాలాంటివాడు ఇంకొకడు కావాలి," అన్నాడు. "ఇంత జనాన్ని నేనొక్కణ్ణే ఎంతకని అలరించను? మా మేనల్లుడు ఈసారి ఎంపికలో నిలబడుతున్నాడు. చెప్పానని కాదుగానీ, వజ్రం."

కోతి కొమ్మన్న చంక గోక్కుంటూ లేచాడు. "నాకు బంతి అందించేవాడు కావాలి. పుచ్చుకోవడం నాకు బాగా వచ్చు. ఇవ్వడం సంగతి వేరేవాళ్లు చూసుకోవాలి."

దుప్పి చెంగమ్మ అంది: "లోటు మనలో లేదు మామా. ఆ చెట్టే వంకర." ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దాని గోల దానిది.

అప్పుడు గుబురయ్య గొంతు సవరించుకున్నాడు.

"లోటా? పట్టుదల లోటు! మా రోజుల్లో ముల్లు గుచ్చుకున్నా ఆట ఆపేవాళ్లం కాదు. మీరో, ఆవలింత వచ్చినా ఆపేస్తారు."

అందరూ నేలచూపులు చూశారు. ఎందుకో తెలుసా? లోటు ఎక్కడుందో అక్కడున్న అందరికీ తెలుసు. చీమలక్కూడా తెలుసు.

గుబురయ్య ఆడేది మన బుట్టకింద. అవతలివాళ్లు వేసిన బంతి బుట్ట అంచుకి తగిలి పైకి లేచినప్పుడు, ఎగిరి దాన్ని పట్టుకోవడం ఆయన పని. ఒకప్పుడు ఆయన చేతికి బంతి చిక్కిందంటే మళ్లీ సూర్యుణ్ణి చూసేది కాదు. కానీ ఇప్పుడు మోకాళ్లు పోయాయి. బంతి పైకి లేస్తుంది. ఈయన "అమ్మా, అయ్యా" అంటూ లేచేలోగా ఏ నక్కో దాన్ని పట్టుకుని మళ్లీ బుట్టలో వేసి, పలకరించి మరీ వెళ్తుంది.

మరి చెప్పొచ్చుగా అంటారు. ఎలా చెప్తారు? చెంగమ్మ కాలు విరిగినప్పుడు వీపున మోసింది ఆయన. తేనెపట్టు దొరికితే ఒక్క చుక్క కూడా ఒంటరిగా తిని ఎరగడు. అలాంటివాడి మొహం మీద "నువ్వే లోటు" అని అనడానికి ఎవరికి నోరొస్తుంది?

పట్టాభికీ రాలేదు. అందుకే వంకరదారి పట్టాడు. "అన్నా, మన లోటు మనకి కనపడదు. మనల్ని ఓడించినవాళ్లనే అడిగితే పోలా?"

"నేనే వెళ్తా. కెప్టెన్ని కదా!" అని గుబురయ్య చంకలో బంతి పెట్టుకుని బయల్దేరాడు.

ముందు తోడేళ్ల గుట్టకి వెళ్లాడు. ఆయన్ని చూడగానే తోడేళ్లు ఎగిరి గంతేశాయి.

"రావయ్యా రా, గుబురయ్యా! ఒరే, పెద్దాయనకి రాయి తుడవండిరా! తేనె తెండిరా!"

గుబురయ్య మూతి నాక్కుంటూ అడిగాడు: "మా జట్టులో మీకు ఎవరితో ఇబ్బంది?"

"ఇంకెవరు? ఆ పింఛాలరావు! వాడి తోక ఊడిపోను! ఆ పింఛం విప్పితే మా కుర్రవెధవలు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోతున్నారు."

"మరి నా సంగతి?"

"నిన్నో మాటంటే మా నోట పురుగులు పడవూ! నిండు నూరేళ్లూ నువ్వు ఆ బుట్టకిందే ఉండాలి," అంది పెద్దతోడేలు కళ్లొత్తుకుంటూ.

గుబురయ్య పొంగిపోయాడు. అక్కణ్ణుంచి నక్కల లోయకి వెళ్లాడు.

నక్కలు ఆయన్ని పడుకోబెట్టి మోకాళ్లకి నూనె రాశాయి. "ఆ కొమ్మన్నగాడు ఎక్కణ్ణుంచి విసిరినా బంతి లోపలే. వాడి చెయ్యి విరగ!" అని తిట్టుకున్నాయి. తర్వాత ముసలినక్క మెల్లిగా అడిగింది: "అన్నా, ఈ ఏడు కూడా ఆడతావుగా? మానేస్తానని మాత్రం అనకు. మేం తట్టుకోలేం."

"ఛ ఛ! నేను మానేయడమేంటి?" అన్నాడు గుబురయ్య. నక్కలన్నీ హమ్మయ్య అనుకున్నాయి.

చివరికి చిరుతల బండలకి వెళ్లాడు. చిరుతలు ఏకంగా దిష్టే తీశాయి! ఉప్పూ మిరపకాయలూ చేతపట్టి, ఎడంవైపు నుంచీ కుడివైపు నుంచీ తిప్పి, నిప్పులో వేశాయి. "ఆ చెంగమ్మ పరుగు మండిపోను," అని దుప్పిని తిట్టి, గుబురయ్య బుగ్గన నల్లచుక్క పెట్టాయి. "నువ్వు ఈ ఏడు కూడా ఆడితే వనదేవతకి పొంగలి పెడతామని మొక్కుకున్నాం. నీ స్థానంలోకి కొత్తవాళ్లని రానివ్వకు సుమా!" అన్నాయి.

గుబురయ్య తిరిగొచ్చాడు. మూతికి తేనె, చేతిలో తేనెపట్టుముక్క, మోకాళ్లకి నూనె, బుగ్గన దిష్టిచుక్క. అచ్చం పెళ్లికొడుకులా ఉన్నాడు.

"వినండర్రా! మూడు జట్లూ తిరిగొచ్చాను. నా స్థానానికి ఢోకా లేదు. మిగతా అందరి గురించీ ఆలోచించాలి."

పట్టాభి నాలుక చాపి, లోపలికి లాక్కుని అడిగాడు: "పింఛాలరావుని ఏమన్నారు?"

"తోక ఊడిపోవాలన్నారు."

"కొమ్మన్నని?"

"చెయ్యి విరగాలన్నారు."

"చెంగమ్మని?"

"పరుగు మండిపోవాలన్నారు."

"మరి నిన్ను?"

"నన్నా! నూరేళ్లు ఆడాలన్నారు. దేవతకి మొక్కు కూడా..."

గుబురయ్య చేతిలో మిగిలిన తేనెపట్టుముక్క వైపు చూశాడు. మెల్లిగా దాన్ని కింద పెట్టాడు.

పింఛాలరావు పింఛం తనంతట తనే ముడుచుకుపోయింది.

"పట్టాభీ, నీకు ముందే తెలుసా?"

"తెలుసన్నా."

"ఎప్పట్నుంచి?"

"నిరుటినుంచి. నీకు బాధ కలుగుతుందని..."

"ఉడుంపట్టు, ఉడుంపట్టు అని ఊరికే అంటారురా జనం. ఒక్క నిజాన్ని పట్టుకుని నా మొహాన చెప్పలేకపోయావు!" అన్నాడు గుబురయ్య. అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "బాధ కాదురా. సిగ్గేస్తోంది. వాళ్లు పెట్టిన తేనె లొట్టలేసుకుంటూ తిన్నాను చూడూ, అందుకు."

పెద్ద ఎలుగుబంటి ఏడుపు చూడ్డానికి బాగుండదు. అందుకని అందరూ వాగువైపు తిరిగి కూర్చున్నారు. చెంగమ్మ మాత్రం వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

ఎంపికరోజు వచ్చింది. అడవంతా చేరింది. అడవిపందులు కూడా వచ్చి, మైదానంలో ఎక్కడ పొర్లితే బాగుంటుందో ముందే చూసుకుంటున్నాయి. సిగ్గులేని జాతి.

ఏనుగమ్మ పిలిచింది: "వాగొడ్డు జట్టు! రా గుబురయ్యా, బంతి పెట్టు."

వరసలో మొదట పింఛాలరావు మేనల్లుడు ఉన్నాడు. గుబురయ్య వెళ్లి వాడి ముందు నిలబడ్డాడు. వాడు పింఛం విప్పి గిర్రున తిరిగాడు. వెంటనే తోడేళ్లు చప్పట్లు కొట్టాయి. "అదీ! వాణ్ణే తీసుకో గుబురయ్యా! ముచ్చటైన పిల్లాడు!"

గుబురయ్య ముందుకి జరిగాడు. తర్వాత ఒక కోతిపిల్ల ఉంది. అది చూడకుండా వెనక్కి విసిరిన మామిడిటెంక ఆమడదూరంలో ఉన్న బుట్టలో పడింది. నక్కలు ఈలలు వేశాయి. "ఆహా! వీణ్ణే! వీణ్ణే!"

గుబురయ్య ఇంకా ముందుకి జరిగాడు. అక్కడ ఒక అడవిదున్న పడుచు ఉంది. పేరు దిట్టమ్మ. ఏ విద్యా చూపించడంలేదు. గడ్డి నముల్తోంది.

"నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగాడు.

"ఒకచోట నిలబడితే నన్నెవరూ జరపలేరు తాతా. పైకి లేచింది ఏదైనా నాదే," అంది దిట్టమ్మ నముల్తూనే.

గుబురయ్య వెనక్కి తిరిగి చూశాడు. తోడేళ్ల చప్పట్లు ఆగిపోయాయి. నక్కల ఈల మూతిలోనే ఉండిపోయింది. ఒక చిరుత గబగబా అరిచింది: "అన్నా! ఆ మొద్దు నీకెందుకు? అది నువ్వు ఉండేచోటు కదా! నీ చోటికి మళ్లీ ఇంకొకరా?"

"అవును. నా చోటే," అన్నాడు గుబురయ్య.

మోకాళ్లు కటకటమంటుంటే, వంగి బంతిని దిట్టమ్మ ముందు పెట్టాడు. అంత చిన్న బంతి దించడానికి అంత కష్టపడ్డవాణ్ణి ఆ అడవిలో ఎవరూ చూడలేదు.

దిట్టమ్మ వాసన చూసి, "ఇది తింటారా?" అని అడిగింది.

పట్టాభి తల పట్టుకున్నాడు.

ఆ మర్నాటినుంచి గుబురయ్య గట్టుమీద కూర్చున్నాడు. కానీ ఊరికే కూర్చుంటాడా? బంతి ఏ పక్కనుంచి వస్తే ఏ పక్కకి లేస్తుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? "ఎడమకి, ఎడమకి! అదిగో నక్క చంకలోంచి దూరుతోంది! మోచెయ్యి దించకే మొద్దూ!" అని గొంతు పోయేలా అరిచేవాడు. దిట్టమ్మ విని, ఆ చోట నిలబడి, పైకి లేచినదాన్నల్లా లాక్కునేది. అవతలివాళ్లకి రెండోసారి విసిరే అవకాశమే లేకుండా పోయింది.

చివరికి కప్పు కొట్టేశారనుకుంటున్నారా? మీ ఆశకి అంతులేదర్రా! పింఛాలరావు ఇంకా పింఛం విప్పుతూనే ఉన్నాడు, కొమ్మన్న ఇంకా బంతి ఎవరికీ ఇవ్వడంలేదు. ఆఖరు ఆటలో చిరుతల్ని ఒకే ఒక్క బుట్టతో ఓడించి, కిందనుంచి రెండో స్థానంలో నిలిచారు. అది చాలు. జట్టు నిలబడింది. మైదానం నిలబడింది. పందులు గొణుక్కుంటూ తమ పాత బురదకే పోయాయి.

ఆ మర్నాడు గుబురయ్య వాగువైపు వెళ్తుంటే తోడేళ్లు ఎదురుపడ్డాయి. రాయి తుడవలేదు. తేనె తేలేదు. పెద్దతోడేలు పళ్లు కొరికి, "నీ దుంపతెగ, ముసలి ఎలుగూ! గట్టుమీద కూర్చుని మా కొంప ముంచావు కదరా! నీ గొంతు పడిపోను!" అని తిట్టి పోసింది.

గుబురయ్య మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోయి మైదానానికి పరుగెత్తాడు.

"ఒరే పట్టాభీ! చెంగమ్మా! రండర్రా, రండి!" అని అరిచాడు. "నన్ను తిట్టారర్రా! తోడేళ్లు నన్ను తిట్టాయి!"

నీతి: పగవాడు తిడితే నవ్వుకుని పొండి, దిష్టి తీస్తే మాత్రం ఇంటికెళ్లి ఆలోచించుకోండి.